నీళ్ళకి చదువు రాదు

స్టేషన్ మాస్టరు గారు తమ ఉన్ని కోటు కోసం సాయంత్రం అయిదు గంటలకు లాండ్రీ మెట్టెక్కే సమయానికి, ఆ కోటు లోపలి గదిలో తీగ మీద, ఏడేళ్ళ పిల్లవాడి భుజాలకు సరిపోయే కొలతలో వేలాడుతూ ఉంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు లాండ్రీ యజమాని. నోరు విప్పితే ఆగని మనిషి. రెండవవాడు ఆయన బావమరిది. ఇస్త్రీ బల్ల దగ్గర నోరు విప్పని మనిషి.

యజమానిని వీధి యావత్తూ నురుగాయన అంటుంది. బానలో సబ్బు నురుగు ఎంత ఎత్తుకు లేస్తుందో ఆయన మాటల్లో గొప్పలు అంతకు రెండింతలు లేస్తాయని ఆ పేరు పెట్టారు. బావమరిదికి మాత్రం వేరే పేరంటూ మిగలలేదు. నాలుగు నెలలు సాయంగా ఉండి పొమ్మని అక్క పిలిస్తే వచ్చి, ముప్పై ఏళ్ళు ఉండిపోయాడు. "బావమరిదీ!" అని నురుగాయన వేసే కేకలు విని వీధి అదే అతని పేరనుకుంది. ఇప్పుడు పక్కనున్న టీ కొట్టాయనకూ, ఎదుటి దర్జీకీ, ఉత్తరాలిచ్చే మనిషికీ, అందరికీ అతడు బావమరిదే. వచ్చిన మొదటి రోజునే అక్క ఒక్క జాగ్రత్త చెప్పింది. "మీ బావ ఏదైనా చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డు తగలకురా. ఆపితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు." ఆ మాటను అతడు ముప్పై ఏళ్ళు నిలబెట్టాడు.

"రండి మాస్టరు గారూ, రండి. కోటుకి చివరి ఆవిరి పడుతోంది. పావుగంట, అంతే" అంటూ నురుగాయన తువ్వాలుతో గుమ్మం ముందరి బల్ల తుడిచాడు. "టీ కొట్టాయనా, మాస్టరు గారికో టీ!"

బావమరిది చేతిలో ఇస్త్రీ పెట్టె క్షణకాలం ఆగింది. లోపల ఏ ఆవిరీ పడటం లేదు. పొద్దుటినుంచి ఆ కోటును తడిపి, లాగి, బరువులు కట్టి, తిరగేసి, చేయగలిగినదంతా చేశారు. మూడు వేళ్ళ వెడల్పు కూడా తిరిగి రాలేదు.

మాస్టరు గారు వెంటనే కూర్చోలేదు. "రేపు పది గంటల బండితో నా ఉద్యోగం పూర్తవుతుంది. దానికి ఆ కోటుతో జెండా చూపాలి. ఇరవై రెండేళ్ళు దానితోనే చూపాను" అన్నారు. తరువాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చుని, "దాన్ని లాండ్రీకి ఇవ్వడం ఇదే మొదలు. ఇచ్చిన రోజే చెప్పాను. లోపల చీటీ కుట్టి ఉంది, చూసి చేయమని" అని ముగించారు.

నురుగాయనకు ఆ చివరి మాట చాలు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"చీటీయా! మాస్టరు గారూ, మీరు పెద్దవాళ్ళు, మీ దగ్గర అబద్ధం ఆడను..."

"అయితే ఇవాళ కథ లేదన్నమాట" అంటూ ఎదుటి కొట్టులోంచి దర్జీ, మెడలో టేపుతోనే వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"నువ్వుండవయ్యా. మాస్టరు గారూ, ఇన్నేళ్ళ పనిలో నేను ఒక్క చీటీ చదివి ఎరగను. అసలు ఆ చీటీ రాసేదెవడు? ఎక్కడో ఫ్యాక్టరీలో ఫ్యాను కింద కూర్చునేవాడు. వాడు జన్మలో ఒక్కసారైనా బానలో చెయ్యి పెట్టాడా? మళ్ళీ బొమ్మలొకటి! తొట్టిలో చెయ్యి, త్రికోణం, సున్నా, ఇస్త్రీ పెట్టె మీద కొట్టివేత, పలకా బలపం ఇచ్చిన మొదటిరోజులాగా. బట్టకేం కావాలో బట్టే చెబుతుందండీ. ఇలా రెండు వేళ్ళ మధ్య నలిపితే, 'అయ్యా, నాకు గోరువెచ్చన చాలు' అంటుంది. ఇంతకీ నీళ్ళకి చదువొచ్చా? సబ్బుకి చదువొచ్చా? చదువురాని వాళ్ళ మధ్యకి ఈ చీటీ వచ్చి ఏం చేస్తుంది?"

"నిజమే, బానని బళ్ళో ఎవరు వేశారు" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసు అందిస్తూ.

"అదీ మాట! నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఒక జడ్జి గారి నల్ల గౌను వచ్చింది. దాని చీటీ మీద ఇంత పొడుగున రాసుంది, నీళ్ళు తగిలితే అంతే సంగతులని. నేను చదవలేదు."

"చదవకుండా పొడుగెలా తెలిసింది అన్నా?" అన్నాడు దర్జీ.

"కంటికి కనపడదూ? కనపడటం వేరు, చదవడం వేరు. నువ్వు ఊళ్ళో బట్టలన్నీ కొలుస్తావు, అన్నీ తొడుక్కుంటున్నావా? సరే, విను. కుళాయి నీళ్ళు, మామూలు సబ్బు, మూడంటే మూడు ముంచులు. తీసి ఆరేశాను. ఆ నలుపు ఎలా తేలిందనుకున్నారు? కాకులొచ్చి తీగ మీద వరసగా కూర్చుని, గౌనుని చూసి, ఒకదాన్నొకటి చూసుకుని, సిగ్గుపడి ఎగిరిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గౌను వేసుకుని జడ్జి గారు కుర్చీలో కూర్చున్నారో లేదో, ఎదురుగా నిలబడ్డ దొంగ, ఎవరూ అడక్కుండానే, చేసిన దొంగతనమూ చెయ్యబోయే దొంగతనమూ రెండూ ఒప్పేసుకున్నాడు! నెల రోజులు కోర్టులో వాదనే లేదు. ప్లీడర్లంతా కలిసొచ్చి నా చేతులు పట్టుకున్నారు. 'అన్నం పోతోంది నాయనా, మళ్ళీ కాస్త మురికి చేసి పెట్టు' అని."

మాస్టరు గారు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. నవ్వలేదు, విసుక్కోలేదు. ముందరి స్టేషనులో బండి కూత వినపడే వరకు ఫ్లాట్‌ఫారం మీద నిలబడే మనిషి ఓర్పు అది.

బావమరిది మరో చొక్కా బల్ల మీద పరిచాడు. బావ కథలకు అతని దగ్గర ఒక కొలత ఉంది. జడ్జి గారి గౌను కథకు నాలుగు చొక్కాలు అవుతాయి. నాటకాల హాలు తెర కథకు ఒక దుప్పటీ రెండు ప్యాంట్లూ అవుతాయి. మామూలు రోజున ఒక కథతో సాయంత్రం గడిచిపోయేది. ఈ రోజు మూడవ చొక్కా కాలరు దగ్గరే ఉండగా జడ్జి గారు అయిపోయి, ఊపిరైనా తీసుకోకుండా తెర మొదలయింది. కాళ్ళు లాగుతున్నాయి. ఎడమ మడమలో పొద్దుటినుంచి ఉన్న సలుపు మోకాలిదాకా వచ్చింది. కాని అతణ్ణి అలసటకు గురిచేసింది నిలబడటం కాదు. కథ ఎంత పెరిగినా లోపల కోటు పెరగదని తెలిసి వినడం.

"...దాని చీటీ తలుపంత ఉంది మాస్టరు గారూ! ఇరవై వాక్యాలు! ఆ చీటీనే మడిచి, దానితోనే తెరని రుద్దాను. ఆరెయ్యడానికి తీగ చాలక రెండు మేడల మధ్య కట్టాను. గాలి ఎత్తుకుంది. ఊరంతటి మీదా పరుచుకుంది. పట్టపగలు చీకటి! జనం ఏమనుకున్నారు? తెర పడింది, ఆట అయిపోయిందనుకున్నారు. ఎక్కడివాళ్ళక్కడ లేచి చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయారు. బ్యాంకు మూసేశారు. ఆస్పత్రిలో జ్వరంతో పడున్నవాడు కూడా లేచి, 'బాగానే ఉంది గానీ చివర్లో కాస్త సాగదీశారు' అనుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు."

"వాడు చెప్పింది మాత్రం నిజం" అన్నాడు దర్జీ.

"పావుగంట అయినట్టుంది" అన్నారు మాస్టరు గారు.

"అయిపోయిందండీ, వచ్చేస్తోంది. అసలు మీకు చెప్పాల్సింది ఇప్పుడొస్తుంది. పహిల్వాను కోటు. ఉన్నిది. అచ్చం మీదాని లాంటిదే. చీటీ చూడలేదు, నీళ్ళల్లో వేశాను. తీసి చూద్దును గదా... పిల్లికి తొడగొచ్చు."

ఇస్త్రీ పెట్టె మళ్ళీ ఆగింది. ఈ కథ బావమరిది ఎన్నడూ వినలేదు. ముప్పై ఏళ్ళలో బావ కథలో బట్ట తగ్గడం ఇదే మొదలు.

దర్జీ కూడా కాళ్ళు కిందికి దించాడు. "ఏంటీ? నీ చేతిలో బట్ట పాడైందా?"

"పాడవ్వడం కాదయ్యా, ముడుచుకుంది. ఉన్నికి సిగ్గెక్కువ. నీళ్ళు తగిలితే ముడుచుకుంటుంది, బుజ్జగిస్తే మళ్ళీ వస్తుంది. పహిల్వాను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి నీడ బరువుకే నా బాన సగం లోపలికి దిగిపోయింది. నేను తొణకలేదు. 'రేపు రా' అన్నాను. కోటు తీసుకుని ఏటి ఒడ్డుకి పోయాను. రెండు చేతులూ రెండు చెట్లకి కట్టాను. తొలికోడి వేళకి పై నుంచి ఒక గాలి దిగుతుంది, దాని సంగతి ఎవరికీ తెలీదు. ఆ గాలికి వదిలేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బావమరిదికి అప్పుడు మంగళవారం ఉదయం గుర్తుకు వచ్చింది.

లాండ్రీకి బట్టలు రాగానే ప్రతి బట్ట మీదా ఇంటి గుర్తు వేయడం అతని పని. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి సున్నా, ఒకరికి కొక్కెం. మాస్టరు గారి ఇంటికి తానే ఆలోచించి రెండు నిలువు గీతలూ వాటికి అడ్డంగా మూడు గీతలూ, రైలు పట్టాలలాగా, పెట్టుకున్నాడు. చెరగని నల్ల సిరాతో వేస్తాడు. తెల్ల బట్టకు అంచున వేస్తే చాలు. నల్ల బట్ట మీద నల్ల సిరా కనపడదు. నల్ల కోటులో తెల్లగా ఉండేది ఒక్కటే, లోపల కుట్టిన చీటీ. అందువల్ల ముప్పై ఏళ్ళుగా ముదురు రంగు బట్ట ఏది వచ్చినా గుర్తు నేరుగా చీటీ మీదే పడుతోంది. ఏం రాసి ఉందో చూడటానికి అతనికి ఎన్నడూ అవసరం కలగలేదు. చీటీలు పని రానివాళ్ళకని బావ రోజూ చెబుతూనే ఉన్నాడు కదా.

మంగళవారం ఉదయం బావ ఒక వింత పని చేశాడు. అల్మారా మీద నుంచి కళ్ళజోడు దించి, బనియను అంచుతో తుడుచుకుని, మాస్టరు గారి కోటు పట్టుకుని గుమ్మం వెలుతురులోకి వెళ్ళాడు. కాలరు తిప్పి చీటీని చాలాసేపు చూశాడు. దగ్గరగా, దూరంగా, ఏటవాలుగా. తిరిగి వచ్చి, "దీనికి గుర్తు ఎప్పుడు వేశావురా?" అని అడిగాడు.

"తీసుకున్నప్పుడే బావా."

"ఊఁ."

బావ నోట బావమరిది విన్న మాటలన్నిటిలోకీ చిన్నది అదే. స్టేషను అక్కడికి పది నిమిషాల నడక. వెళ్ళి అడిగి రావచ్చు. కాని చీటీ చదవనని ఊరంతా చాటుకున్న మనిషి, చీటీలో ఏముందో చెప్పండని ఒకరి ముందు చేతులు కట్టుకుని ఎలా నిలబడతాడు? కోటును గోరువెచ్చని నీళ్ళలోకి దించాడు.

"...అనుకున్నట్టే పహిల్వాను కొలతకి వచ్చేసింది. విప్పుదామని చెయ్యి చాస్తే ముడి అందదు. ఇంకా సాగుతోంది! ఎడమ చెయ్యి వెళ్ళి ఏటి అవతలి ఒడ్డున పడింది. జనం దాని మీదుగా నడిచి పోతున్నారు, ఒక ముసలమ్మ మేకల్ని కూడా తోలుకుపోయింది. తెల్లవారాలి కదా, తెల్లవారదు! ఆకాశానికి కోటు అడ్డం. సూర్యుడు అటు తిరిగి, ఇటు తిరిగి, వెతుక్కుని వెతుక్కుని, చివరికి మూడో బొత్తం కన్నంలోంచి ఉదయించాడు."

"మూడోదేనా? బాగా లెక్కపెట్టావా?" అన్నాడు టీ కొట్టాయన.

"నా కళ్ళతో చూశాను! ఇంకా విను. కుడి చెయ్యి పోయి రైలు పట్టాల మీద పడింది. అదే వేళకి బండి వస్తోంది. డ్రైవరు సొరంగమనుకుని కూత వేసి లోపలికి దూరాడు. చేతిలోంచి పోయి, భుజం దగ్గర మలుపు తిరిగి, కాలరులోంచి బయటపడింది. మధ్యలో జేబు దగ్గర ఒక నిమిషం ఆగింది కూడా. ఇద్దరు దిగారు."

మాస్టరు గారు గ్లాసు కింద పెట్టారు.

"ఏ బండి?"

నురుగాయన కథలకు ఇంతవరకు ఎవరూ వేయని ప్రశ్న అది. "పొద్దున బండండీ."

"పొద్దున మూడున్నాయి."

"ఆ... మధ్యది."

"ఆలస్యమైందా?"

"ఎందుకవదండీ? అరగంట!"

"నేను వచ్చాక ఆ బండి అరగంట ఆలస్యం కావడం రెండుసార్లు. ఒకసారి మంచు. ఒకసారి గేదె" అన్నారు మాస్టరు గారు. "కోటు ఎప్పుడూ లేదు."

దర్జీ తొడ చరుచుకుని నవ్వాడు. టీ కొట్టాయన గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వాడు. మాస్టరు గారు నవ్వలేదు. టోపీ చేతిలోకి తీసుకుని లేచారు.

"మీ కథ పెద్దది. నాకు రేపటికి కోటు కావాలి. ఇప్పించండి."

నురుగాయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు పొడిగానే ఉన్నాయి. "మాస్టరు గారూ... కోటు కాస్త ముడుచుకుంది."

నవ్వు ఆగిపోయింది.

"ఎంత?"

"కాస్త." ఇక దాచి లాభం లేదని తెలిసి ఆయన గొంతు మళ్ళీ పెద్దదయింది. "చీటీ నేను చూడలేదండీ. చెప్పాను కదా, చూడను, అది నా పద్ధతి. ముప్పై ఏళ్ళుగా చూడలేదు, మీకోసం చూస్తానా? తప్పంటే నాదే. ఈ బావమరిదికి ఏం సంబంధం లేదు. వాడు ఉత్త ఇస్త్రీ మనిషి, వాడికేం తెలీదు."

బావమరిది ఇస్త్రీ పెట్టెను దిమ్మ మీద నిలబెట్టాడు. జడ్జి గారి గౌను, నాటకం తెర, పహిల్వాను, రైలు, ఇన్ని చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఈ చివరి అబద్ధం ఒక్కటే వేరు. అది తన కోసం ఆడినది. దాని బరువు మోస్తూ ఇంకో చొక్కా మడవడం అతని వల్ల కాలేదు.

"బావ చూశాడండి."

ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి దర్జీకి కొంతసేపు పట్టింది.

"నువ్వు ఊరుకోరా!" అన్నాడు నురుగాయన.

"మంగళవారం పొద్దున కళ్ళజోడు పెట్టుకుని, ఆ గుమ్మంలో నిలబడి చూశాడు. చదవడానికి ఏం మిగల్లేదు. దాని మీద నేను గుర్తు వేసేశాను. నల్ల బట్టకి చీటీ మీదే వేస్తానండి, ఎప్పుడూ అంతే. మీరు చూడమన్నారు, బావ చూశాడు. నా సిరా అడ్డం పడింది."

"అబద్ధం!" అన్నాడు నురుగాయన. "నేను చీటీ చూడటమేంటి? ఎవరైనా నమ్ముతారా?"

బావమరిది లోపలికి వెళ్ళి కోటు తెచ్చి మాస్టరు గారి చేతికి ఇచ్చాడు. అట్టలాగా బిగుసుకుపోయింది. ఇత్తడి బొత్తాలు మాత్రం పాత కొలతలోనే ఉండి, ఒకదానినొకటి తాకుతున్నాయి. మాస్టరు గారు కాలరు తిప్పి చీటీ చూశారు. దాని మీద అక్షరాలన్నిటినీ కప్పుతూ రెండు నిలువు గీతలు, మూడు అడ్డ గీతలు.

"ఇంతకీ అందులో ఏమని ఉండేదండీ?" అని టీ కొట్టాయన మెల్లగా అడిగాడు.

"నీళ్ళలో ముంచవద్దు. దులిపి ఆవిరి పట్టాలి."

"అంతేనా?"

"అంతే." మాస్టరు గారు కోటును భుజాలకు ఆనించి చూసుకోలేదు. నాలుగు మడతలు పెట్టారు. అది అన్నం డబ్బా పెట్టుకునే సంచిలో ఇమిడిపోయింది. తరువాత నురుగాయన వైపు తిరిగి, బండి వేళ అడిగినంత మామూలుగా అడిగారు. "ఆ ఏటి గాలి, రేపు పది గంటల లోపల వీస్తుందా?"

నురుగాయన నోరు తెరిచాడు. దర్జీ, టీ కొట్టాయన, బావమరిది, ముగ్గురూ ఆ నోటివైపే చూశారు.

"వీయదండీ" అన్నాడు.

మాస్టరు గారు టోపీ పెట్టుకున్నారు. మెట్టు దిగబోతూ ఆగి, బావమరిదితో, "అవి పట్టాలేనా?" అన్నారు.

"అవునండి. మీ ఇంటి గుర్తు."

"తిన్నగా వేశారు." ఇంకొక మాట అనాలా వద్దా అని ఆలోచించినట్టు కనిపించారు. "రేపు పొద్దున చలి ఉంటుంది. జెండా చూపడానికి పది నిమిషాలు. నిలబడగలను" అని చెప్పి వెళ్ళిపోయారు.

దర్జీ తన కొట్టుకు పోయాడు. ఈ కథ గురించి అతడు ఆ తరువాత ఎప్పుడూ నురుగాయనను ఏడిపించలేదు. టీ కొట్టాయన ఖాళీ గ్లాసులు తీసుకుపోయాడు. లాండ్రీలో ఇద్దరే మిగిలారు. బాన కింద మంట చిటపటలాడుతోంది.

"ఎందుకు చెప్పావురా?" అన్నాడు నురుగాయన. "నేనేదో చెప్పి లాక్కొచ్చేవాణ్ణిగా."

"అలిసిపోయాను బావా."

"నా కథలు వినా?"

"కాదు. ఊరుకుని."

నురుగాయన బల్ల మీద కూర్చుండిపోయాడు. నిలబడి ఉన్నంతసేపూ కనిపించని వయసు అప్పుడు కనిపించింది. బావమరిది రేపటి మూటలోంచి పై బట్ట తీశాడు. ఎవరిదో ముదురు నీలం శాలువా. అలవాటుగా సిరా పుల్ల చేతికి వచ్చింది. దానిని పక్కన పెట్టి, చీటీని దీపం వైపు తిప్పి, కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడ్డాడు.

వెనుక బాన మూత తీసిన చప్పుడు అయింది. ఆవిరి గదిలోకి వచ్చింది.

"నీళ్ళకి చదువు రాదురా" అని గొణిగాడు నురుగాయన. అలవాటు కొద్దీ అన్న మాట అది, లోపల జీవం లేదు. తరువాత అల్మారా మీద చెయ్యి పెట్టి తడిమి, కళ్ళజోడు తీసి, ఆవిరిలోంచి బావమరిది వైపు చాచాడు.

"ఇది పెట్టుకుని చదువు. గట్టిగా చదువు. ఇక్కడికి వినపడదు."